చదవగలిగిన దాని మీద నొక్కండి

మా వీధిలో డిజైనర్లంటే ఇద్దరే. ఒకామె పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది, ఇంకొకాయన తాండూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొడతాడు. డిగ్రీ అయ్యాక నేను డిజైన్ నేర్చుకుంటున్నానని తెలిసిన రోజు నుంచీ చుట్టుపక్కల వాళ్లు నన్ను ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి లెక్కలో వేసేశారు. ఎదురింటామె జాకెట్ గుడ్డ పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చింది. నాయిన దోస్తు ఒకాయన తన నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ చేసిపెట్టమన్నాడు, వెనకాల పులి బొమ్మ తప్పకుండా ఉండాలన్నాడు. పులి ఎందుకని అడిగినందుకు అలిగి వెళ్లిపోయాడు.

నేను నేర్చుకుంటున్నది యూఎక్స్. యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అని పూర్తి పేరు. ఫోన్‌లో ఒక ఆప్ తెరవగానే ముందు ఏం కనబడాలి, ఏ బటన్ ఎక్కడ ఉండాలి, నొక్కితే ఏం జరగాలి, పొరపాటున వేరేది నొక్కితే మళ్లీ వెనక్కి ఎలా రావాలి, ఇవన్నీ ముందే ఆలోచించి గీసిపెట్టే పని అది. నాయినకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన గనుల నుంచి పాలిష్ యూనిట్లకు నాపరాళ్లు తోలే ట్రాక్టర్ నడుపుతాడు. ట్రాలీ కడుగుతూ మొత్తం విన్నాడు.

"బటన్ ఏడుండాలెనో చెప్పనీకి గూడ జీతమిస్తరా?"

"ఇస్తరు నాయినా. మస్తిస్తరు."

"మరి నీకెందుకిస్తలేరు?"

అప్పటికే చాలా కంపెనీలకు రాసి ఉన్నాను. కొన్ని జవాబివ్వలేదు, కొన్ని అనుభవం కావాలన్నాయి. మొదటి ఉద్యోగానికి అనుభవం ఏ అంగట్లో దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. పిలిచినవాళ్లకు నా పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనులన్నీ పేర్చిపెట్టుకున్న పేజీ, చూపించేదాన్ని. అందులో ఏముంది? ఇంటికి భోజనం తెచ్చే ఆప్‌ను ఇంకా బాగా ఎలా చేయొచ్చు, కారును పిలిచే ఆప్‌ను ఎలా మార్చొచ్చు, ఇవే. మా వీధికి ఏ ఆప్ కూడా అన్నం తేదు. కారు సంగతి సరేసరి, ఆటోనే చెయ్యెత్తి ఆపుకోవాలి. వీడియోల్లో అందరూ అవే చేస్తున్నారు కాబట్టి నేనూ అవే చేశాను. ఒకాయన చూసి, "ఈ వారంలో ఇదే పని చాలామంది చూపించారమ్మా" అన్నాడు. ఆ కాల్ అయ్యాక కోపంతో ఫోన్‌ను విసిరేశాను. మంచం మీదికే విసిరాను, నేలకేసి కొట్టేంత స్తోమత మాకు లేదు.

దసరా అయ్యాక నాయిన తన మాట చెప్పాడు. అమ్మ ఒక పప్పు మిల్లులో కందులు చెరిగే పనికి వెళ్తుంది. ఆ మిల్లు సేటుకు కొత్త పంట వచ్చే సీజన్‌లో బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి కావాలి.

"సేటుతోని మాట్లాడిన. కందులు మిల్లుకొచ్చేదాకా నీ ఇష్టం బిడ్డ. వచ్చినంక ఆ కుర్చీల కూసోవాలె. గప్పుడు జిద్దు చెయ్యకు."

సరే అన్నాను. ఆయన అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఆ కుర్చీ చెడ్డదేమీ కాదు, నీడపట్టున పని. కానీ నాకు తెలుసు, అందులో ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవను. సీజన్ తర్వాత ఇంకో సీజన్ వస్తుంది, సేటు మంచివాడు, ఇంటికి దగ్గర, ఇంకేం కావాలంటారు. ఇంకేం కావాలో నాకే సరిగా చెప్పరాదు. పొలాల్లో కంది పూతకొచ్చింది. బస్సులో వెళ్తూ ఆ పసుపు పూలు కనబడితే మా ఊళ్లో అందరికీ సంతోషం, నాకొక్కదానికే గుండె దడ.

సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌లోని ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రైతులకు మార్కెట్ ధరలు చెప్పి, పంట అమ్ముకోవడానికి సాయం చేసే ఆప్ వాళ్లది. ఉద్యోగానికి ముందు ఒక పని ఇచ్చారు. తమ ఆప్‌ను చాలామంది ఫోన్‌లో వేసుకుని మొదటి తెరల దగ్గరే వదిలేస్తున్నారట. ఎందుకో కనుక్కుని ఆ తెరలను మార్చి చూపించాలి. వారం గడువు.

నేను ఏం చేశాను? అలవాటు ప్రకారం రంగులు మార్చడం మొదలుపెట్టాను. ఆకుపచ్చను ఇంకాస్త లేతాకుపచ్చ చేశాను, బటన్ల మూలలు గుండ్రంగా చేశాను. చూడ్డానికి మస్తుగా ఉంది. కానీ పొయ్యేవాళ్లు ఎందుకు పోతున్నారో ఆ లేతాకుపచ్చకు తెలియదు కదా. చివరికి ఆప్‌ను అమ్మ ఫోన్‌లో వేసి, "మిల్లుల చాయ తాగేటప్పుడు జర తెరిచి చూడమ్మా. కందుల ధర ఎంతనో నువ్వే కనుక్కో. నేనేం చెప్ప" అన్నాను. పక్కనుండి సాయం చేస్తే పరీక్ష చెడిపోతుందని చదువుకున్నాను మరి.

ఇక్కడ అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పుట్టింది తాండూరు దాటాక, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న పల్లెలో. ఊరు ఇటు పక్కనే ఉంది, కానీ ఇళ్లలో మాట్లాడేది కన్నడం. బడి మాత్రం తెలుగు బడి. ఏడో తరగతి వరకు అక్కడే చదివింది. అందుకే మా అమ్మ తిట్టేది కన్నడంలో, చదివేది తెలుగులో. చదవడమంటే ఆమెకు ఎంత ఇష్టమో చెప్పలేను. మిర్చి బజ్జీల పొట్లం విప్పి ముందు కాగితం చదువుతుంది, తర్వాతే బజ్జీ. గోడల మీద పోస్టర్లు, పెళ్లి కార్డుల్లో చిన్నక్షరాల పేర్లు, మందుల డబ్బా మీది హెచ్చరికలు, అన్నీ పైకి చదవాల్సిందే. మిల్లులో ఎవరికి ఏ కాగితం వచ్చినా అమ్మ దగ్గరికే తెస్తారు. ఆ గర్వం ఆమె నడకలోనే కనబడుతుంది.

ఆ సాయంత్రం మిల్లు నుంచి వచ్చిన అమ్మ ఫోన్‌ను టీవీ పక్కన పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏమైందమ్మా? చూసినవా?"

"చూసిన."

"ధర దొరికిందా?"

"నాకు చదువు మర్చిపోయినట్టుంది బిడ్డ. అక్షరాలు ఎర్కున్నట్టే ఉన్నయ్, నోట్లెకు వస్తలేవు. కండ్లు గూడ ఆనుతలేవేమో." కొంగుతో కాళ్లు తుడుచుకుంటూ, "అందరి ముంగట అడిగిండ్రు, చదువక్కా అని. నాకు చదువు రాదు తియ్యుండ్రి అన్న" అంది.

మా అమ్మ నోటి నుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాయిన అప్పటికప్పుడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు, అద్దాలు వస్తాయన్నాడు. నేను ఫోన్ తీసి చూశాను. ఆప్ మొత్తం కన్నడం లిపిలో ఉంది.

ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూస్తే అర్థమైంది. ఆప్ తెరవగానే తెలుగులో అడుగుతుంది, 'మీ మాతృభాష ఏది?' అని. కింద తెలుగు, కన్నడ, హిందీ, ఉర్దూ అని వరుసగా ఉంటాయి, అన్నీ తెలుగు అక్షరాల్లోనే. అమ్మ కన్నడ నొక్కింది.

"కన్నడ ఎందుకు నొక్కినవమ్మా?" అని అరిచాను.

"మరేం నొక్కాలె? మాతృభాష ఏందని అడిగిండ్రు. మా అమ్మ భాష కన్నడమే గదా? ఫోన్ల గూడ అబద్ధం చెప్పాల్నా?" అని అమ్మ నాకంటే గట్టిగా అరిచింది.

నిజమే. అడిగినదానికి నిజం చెప్పిందామె. అలా నిజం చెప్పగానే ఆప్ ఆమెకు తెలియని లిపి తెచ్చి ముందు పెట్టింది. ఇక్కడ ఇంకో చిక్కుంది. కన్నడం లిపి, తెలుగు లిపి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అదే అరబీ రాతలాంటిదైతే ఇది నాది కాదని అమ్మ వెంటనే ఫోన్ పక్కన పడేసేది. కర్ణాటక బస్సు బోర్డు మీదైతే కన్నడం రాత అని చెప్పగలదు కూడా. చేతిలోని చిన్న తెర మీద మాత్రం సగం అక్షరాలు తనవిలాగే కనబడి, చదవబోతే జారిపోతుంటే, తప్పు లిపిది అనుకోలేదు. తనదే అనుకుంది. కళ్లది అనుకుంది, వయసుది అనుకుంది. వెనక్కి రావడానికి బటన్ ఉంది, కానీ దాని మీద రాసింది కూడా కన్నడంలోనే.

మర్నాడు చాయ వేళకు నేనే మిల్లుకు వెళ్లాను. అమ్మ ఊరి వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు అక్కడ ఇంకొందరు ఉన్నారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. చేటలు పక్కన పెట్టి, పొట్టు అంటిన వేళ్లు చీరకు తుడుచుకుని, ఒక్కొక్కరూ తీసుకున్నారు. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లలో చదువొచ్చిన ప్రతి ఒక్కరూ తడుముకోకుండా కన్నడ మీదే నొక్కారు. తర్వాత ఫోన్ దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు. ఒకామె అయితే కొంగుతో తెర తుడిచి మళ్లీ చూసింది. అందరూ చివరికి తమనే తిట్టుకున్నారు, ఆప్‌ను ఒక్కరూ తిట్టలేదు. నాకు మాత్రం ఆ ఆప్ చేసినవాళ్లను వరసపెట్టి తిట్టాలనిపించింది. అదే సమయంలో లోపల నుంచి ఒక సంతోషం తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ నేను ఎవరి సమస్యనో వీడియోల్లో చూసి గీస్తూ వచ్చాను. ఇది నా కళ్ల ముందు జరిగింది, ఎక్కడ తెగిందో నాకు తెలుసు.

లేతాకుపచ్చ అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. మొదటి తెర మీద ప్రశ్న తీసేశాను. మాతృభాష ఊసే లేదు. దాని బదులు ఒకే వాక్యం, 'ఈ రోజు కందుల ధర తెలుసుకోండి' అన్నది, ఒక్కో లిపిలో ఒక్కో గడిలో పెట్టాను. తెలుగు గడిలో దాని కింద 'మీరు చదవగలిగిన దాని మీద నొక్కండి' అని ఉంటుంది, ప్రతి గడిలోనూ దాని లిపిలో అదే మాట. ఎవరికి ఏది కంటికి అందితే అది నొక్కుతారు. వినే భాషను వేరుగా పెట్టాను. రాత తెలుగులో ఉండి మాట కన్నడంలో వినిపించేలా కూడా ఎంచుకోవచ్చు. ప్రతి తెర మూలలో అన్ని లిపుల 'అ' ఉంటుంది, దారి తప్పితే తమ 'అ' పట్టుకుని వెనక్కి రావచ్చు. దాన్ని ఫోన్‌లో నొక్కి చూడటానికి వీలుగా చేసి మళ్లీ మిల్లుకు తీసుకెళ్లాను. అమ్మకు ఇవ్వబోతే, "నాకొద్దు, వాళ్లకియ్యి" అంది. మిగిలినవాళ్లు చూశారు, నొక్కారు, ధర చదివారు, ధర బాగా లేదని మార్కెట్‌ను తిట్టారు. నాకదే కావాలి. అమ్మ మాత్రం చేట చేతిలోంచి దించలేదు.

పని పంపాక ఇంటర్వ్యూకు పిలిచారు, వీడియో కాల్‌లో. మా ఇంటి ఎదురుగా బండలు కోసే మిషన్, అది నడుస్తుంటే పక్కన ఉన్నవాళ్ల మాటే వినబడదు. అందుకే ఇంటర్వ్యూ ఉన్నప్పుడల్లా పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ వెళ్లేదాన్ని. డిగ్రీలో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు అక్కడ ల్యాబ్‌లో పనిచేస్తూ గది తీసుకుని ఉంటుంది. ఆదివారమైతే అనంతగిరి కొండలకు వెళ్లే సిటీ కార్ల హారన్లు తప్ప ఆ గదికి వేరే బాధ లేదు. ఆ రోజు ఆమె సెలవు పెట్టి మరీ లాప్‌టాప్ వెనకాల నేల మీద కూర్చుంది, నా కోపం తెలిసిన మనిషి కాబట్టి.

తెర మీద ఇద్దరు. డిజైన్ టీమ్ నడిపే మేడం ఒకరు, ఆప్ మొత్తం బాధ్యత చూసే సార్ ఒకరు. మేడం అడిగారు, "యూజర్లతో మాట్లాడావా?"

"మాట్లాడాను మేడం. మా అమ్మతో, పప్పు మిల్లులో ఆమెతో పనిచేసేవాళ్లతో."

సార్ నవ్వాడు. "అమ్మతో టెస్ట్ చేస్తే ఎలా? పిల్లలు ఏం చేసినా అమ్మలు బాగుందనే అంటారు."

అంతే, నాకు చెవుల దాకా వేడెక్కింది. "మా అమ్మ నేను చేసింది చూడలేదు సార్, మీరు చేసింది చూసింది. పెళ్లి కార్డు నుంచి మందు డబ్బా దాకా అన్నీ చదివే మనిషి సార్ ఆమె. మీ ఆప్ చూసి నలుగురిలో నాకు చదువు రాదని చెప్పుకుంది. చదువొచ్చిన మనిషితో రాదనిపించింది మీ ఆప్."

లాప్‌టాప్ వెనకాల స్నేహితురాలు రెండు చేతులూ కిందికి ఊపుతోంది, మెల్లగా, మెల్లగా అని. సార్ ముఖంలో నవ్వు పోయింది. ఎలాగూ పోయింది కదా ఉద్యోగం, అనుకున్నదంతా అడిగేద్దామనుకున్నాను.

"సార్, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుతారు?"

"తమిళం. ఎందుకు?"

"తమిళం చదువుతారా?"

"లేదు. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్. మాట్లాడటమే వచ్చు."

"మరి మీ ఆప్ మీ మాతృభాష ఏది అని అడిగితే మీరేం నొక్కుతారు?"

"నేనైతే ఇంగ్లిష్..." అని ఆయన మధ్యలోనే ఆగిపోయాడు. మేడం పగలబడి నవ్వారు.

"మా అమ్మకు ఆ ఇంగ్లిష్ దారి లేదు సార్" అన్నాను.

తర్వాత నా తెరలు చూపించాను. ఆయనే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు, నవ్వకుండా అడిగాడు. అన్నింటికీ చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. చివర్లో మేడం "మేము కబురు చేస్తాం" అన్నారు. ఈ మాట నేను అంతకుముందు చాలాసార్లు విన్నదే. స్నేహితురాలు మాత్రం లేచి నన్ను గట్టిగా పట్టుకుని, "ఆయన్ని మంచిగ కడిగినవ్ గదనే" అంది. కడిగినందుకు ఉద్యోగాలిచ్చే కంపెనీ ఏదైనా ఉందా అని రైల్లో తాండూరు దాకా ఆలోచిస్తూనే వచ్చాను.

కబురు రాలేదు. కందులు వచ్చాయి. బంట్వారం వైపు నుంచి మొదటి ట్రాక్టర్లు మిల్లు ముందు ఆగాయి, హమాలీలు బస్తాలు దించారు, గాలిలో పొట్టు లేచింది. పొద్దున నేను తల దువ్వుకుంటుంటే నాయిన, "ఫికర్ చెయ్యకు బిడ్డ" అని బయటికి వెళ్లిపోయాడు. ఆయనకు కూడా బాధగానే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

సేటు స్వయంగా కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. బిల్లు ఎలా కొట్టాలో చూపిస్తున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత దిక్కుమాలినదంటే, సేవ్ బటన్ పక్కనే డిలీట్ బటన్, రెండూ ఒకే రంగు. "ఇవి రెండు ఇట్ల పక్కపక్కన పెడ్తరా సేటూ?" అని తిడుతుండగానే ఫోన్ మోగింది. మిల్లు మోతలో ఏమీ వినబడక బయటికి, కందులు ఆరబోసిన కళ్లంలోకి పరుగెత్తాను.

మేడం. నన్ను తీసుకుంటున్నారట. వచ్చే నెల మొదట్లో చేరాలట. మొదటి పని, ఆ మొదటి తెర. "మా సార్ ఒక షరతు పెట్టారు" అన్నారు. "ఇకమీదట ఏ తెర చేసినా మీ అమ్మగారి మిల్లులో చూపించాకే రావాలట."

నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. అరిచిన అరుపు మాత్రం గుర్తుంది. చెరుగుతున్న ఆడవాళ్లందరూ చేటలు ఆపి చూశారు, హమాలీలు పాము కనబడిందేమో అనుకుని బస్తాలు వదిలేసి వచ్చారు. అమ్మ పరుగున వచ్చింది. చెప్పాను. పొట్టు నిండిన చేతులతోనే నా ముఖం పట్టుకుంది, ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం నవ్వాం. సేటు గుమ్మంలో నిలబడి అంతా చూసి, "మంచిగైంది, పో బిడ్డ. పోతే పోయినవ్ గని గా ప్రింటర్ ఎట్ల చాలూ అయితదో జర చెప్పి పో" అన్నాడు. చెప్పి, ఆ రోజు బిల్లులన్నీ కొట్టిపెట్టే వెళ్లాను. ఆ కుర్చీలోంచి లేచేటప్పుడు నాకు కాళ్లు నేల మీద లేవు.

కొత్త తెర అందరి ఫోన్లలోకి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆ రోజు కావాలనే సెలవు పెట్టి తాండూరులో ఉన్నాను. చాయ వేళకు మిల్లుకు వెళ్లి, అమ్మ ఫోన్‌లో ఆప్ తెరిచి ఆమె ముందు పెట్టాను. మొదట ముట్టుకోలేదు. "నాకెందుకు బిడ్డ" అంది. చుట్టూ ఉన్నవాళ్లు, "చూడక్కా, నీ బిడ్డ చేసింది" అన్నారు. అప్పుడు చూసింది.

కళ్లు ఒక గడి మీద ఆగాయి. పెదవులు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. "ఈ రోజు కందుల ధర తెలుసుకోండి. మీరు చదవగలిగిన దాని మీద నొక్కండి." నొక్కింది. మాట కోసం కన్నడం ఎంచుకుంది. ఫోన్ కన్నడంలో, "నమస్కార, బన్ని" అని పిలిచింది, రమ్మని. "వస్తి, వస్తి" అంది అమ్మ ఫోన్‌తోనే.

ఇక ఆగలేదు. ధర చదివింది. పక్క మార్కెట్ల ధరలు చదివింది. వాతావరణం చదివింది. ప్రపంచంలో ఎవరూ చదవకుండా సరే అని నొక్కేసే నియమ నిబంధనలు ఉంటాయే, అవి తెరుచుకుంటే అవి కూడా మొదటి అక్షరం నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. చాయలు చల్లారిపోతున్నాయి. సేటు పని మొదలుపెట్టమని చెప్పడానికి వచ్చి, తానూ నిలబడి విన్నాడు. అందులో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, ఒక్కరూ ఆపమనలేదు.

చివరి వాక్యం దాకా చదివి ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీ నాయినకు చెప్పు, అద్దాలు గిద్దాలు ఏమొద్దని. నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అని చేట అందుకుంది.